ఫ్రీమాంట్ అధ్యక్షుడు, ప్లేనో కాపురం

టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్రానికి పన్ను కట్టక్కర్లేదన్న సంగతి మా ఆయన చెప్పిన తీరు చూస్తే, ఆ పన్ను తనే దగ్గరుండి తీయించాడేమో అనిపించింది. ఎనభైల నడిమి మాట. మేమప్పటికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనుక్కుని, ఆ ఇంటి వాయిదాలు కట్టడానికే పుట్టినట్టు బతుకుతున్నాం. ప్లేనోలో టెలిఫోన్ పరికరాలు చేసే కంపెనీ ఒకటి ఆయనకు ఉద్యోగం ఇస్తానంది. జీతం ఇంచుమించు ఇక్కడిదే.

"అదే జీతానికి అంత దూరం ఎందుకండీ?" అన్నాను, చపాతీలు కాలుస్తూ.

"స్టేట్ టాక్స్ లేదోయ్ అక్కడ! ఇక్కడ చెక్కు చేతికి రాకముందే కాలిఫోర్నియా ఒక ముక్క కోసేసుకుంటుందే, అది మనకే మిగులుతుంది."

"మనకంటే? మీకా, నాకా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. నా దగ్గర కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఉంది. ఆ ఎమ్మెస్సీతో నేను చేస్తున్న పని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి, వెంట్రుక కన్నా సన్నటి తీగల్ని చిప్పులకు అతికించడం. మా లైన్‌లో నాలాంటి ఎమ్మెస్సీలు ఇంకా ఉన్నారు. భోజనాల వేళ మేం మాట్లాడుకునేది కళ్ల మంటల గురించి. నాకు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పాలని కోరిక. దానికి ఇక్కడి కాలేజీలో మళ్లీ చదివి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఏటా అడుగుతూనే ఉన్నాను. ఓ ఏడు ఇంటి కప్పు కారింది, ఇంకో ఏడు కారు మొరాయించింది. నా చదువు మాత్రం కారేదీ కాదు, మొరాయించేదీ కాదు గనక ఆగగలదని ఆయన లెక్క.

"కాలిఫోర్నియా కోసుకునే ముక్క నా చదువుకి. ఒప్పుకుంటే రేపే పెట్టెలు సర్దుతాను. లేదంటే మీరొక్కరే వెళ్లి టెక్సాస్‌లో వంట నేర్చుకోండి."

ఆయన సరేనన్నాడు. ఏడో క్లాసు చదువుతున్న మా అమ్మాయిని హోంవర్క్ దగ్గర్నుంచి లేపుకొచ్చి, దాని ముందు మళ్లీ అనిపించాను. "వాట్ ఈజ్ దిస్, అమ్మా, కోర్టా?" అంది అది. అవును, కోర్టే.

పన్ను లేదనగానే ఎగిరి గంతేసే మనిషిని కాను నేను. ఆదాయం దగ్గర వదిలేసిన ప్రభుత్వం ఇంకెక్కడో పట్టుకుంటుంది, లేకపోతే రోడ్లు ఎవరి తాతగారు వేస్తారు? విచారించాను. టెక్సాస్‌లో ఇంటి మీద పన్ను గట్టిగానే ఉంది. కొన్న ప్రతి వస్తువు మీదా ఇంకొంచెం. వేసవిలో ఏసీ బిల్లు వేరే. వడగళ్లు పడతాయని ఇన్సూరెన్స్ కూడా ఎక్కువే. అయితే ఇళ్లు చవక. అటూ ఇటూ తూచి చూస్తే, నా చదువుకు సరిపోయేంత నిజంగానే మిగిలేట్టు కనిపించింది. ఇంకో మెలిక ఉంది. అక్కడి కాలేజీలో చవక ఫీజు కావాలంటే ఏడాదిపాటు టెక్సాస్‌లో స్థిరంగా ఉన్నట్టు చూపించాలి. అంటే మేం ఏ రోజున కాలిఫోర్నియా వాళ్లం కాకుండా పోయి టెక్సాస్ వాళ్లమయ్యామన్న దాని మీద నాకు పన్నులోనూ ఫీజులోనూ లాభమో నష్టమో ఉంది.

ఆగస్టులో కారేసుకుని ముగ్గురం బయల్దేరాం. దిగిన వారంలోనే నేను అమ్మాయిని స్కూల్లో వేసి, బ్యాంకు ఖాతా తెరిచి, లైబ్రరీ కార్డు పుచ్చుకుని, లైన్‌లో నిలబడి టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్నాను. మా ఆయన్ని కూడా రమ్మంటే, "పాతదానికింకా గడువుందిగా, తొందరేముంది?" అన్నాడు. ఫ్రీమాంట్ ఇల్లు అమ్మకానికి పెట్టమంటే, "మార్కెట్ బాగోలేదు" అన్నాడు. పోనీ అద్దెకిద్దామంటే, "గ్యారేజ్‌లో సామాన్లున్నాయి కదా" అన్నాడు.

అక్కడున్నవి మా సామాన్లు కావు. మా తెలుగు సంఘానివి. రాజభవనం బొమ్మ వేసిన పెద్ద తెర, హార్మోనియం, అట్టతో చేసిన కిరీటాలు, గదలు, మడత కుర్చీలు. ఏటా ఉగాదికి వేసే నాటకం రిహార్సల్సన్నీ మా గ్యారేజ్‌లోనే. రెండు కార్లూ ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ బయట, ఇనుప రేకుల తలుపు వెనక దుర్యోధనుడు లోపల. ఇల్లు ఖాళీగా ఉంది గనక, ఒక తాళం చెవి సంఘం దగ్గరే ఉంచి వచ్చాడట ఈయన. ఆ సంగతి కూడా నాకు తర్వాతే తెలిసింది.

అసలు సంగతి జనవరిలో తెలిసింది. రేట్లు తక్కువని ఆదివారాలు ఫోన్ చేసుకునేవాళ్లం. డాక్టర్ గారి భార్య చేసింది. డాక్టర్ గారంటే మా సంఘానికి పెద్ద, పాత అధ్యక్షుడు. నాకు అన్నగారితో సమానం.

"వదినా, కంగ్రాచ్యులేషన్స్! ప్రెసిడెంట్ గారి భార్యవయ్యావు, చెప్పనే లేదేం?"

"ఏ దేశానికమ్మా?"

"అదేంటి, అన్నయ్య చెప్పలేదా?"

అన్నయ్య అప్పుడు వాకిట్లో, కడిగిన కారునే మళ్లీ కడుగుతున్నాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. మా సంఘంలో ఉపాధ్యక్షుడు మరుసటి ఏడు అధ్యక్షుడవుతాడు. అది ఆనవాయితీ. మా ఆయన ఆ సంఘంలో కుర్చీలు మోసి, చెప్పుల దగ్గర కాపలా ఉండి, పులిహోర గిన్నెలు కడిగి, నాటకంలో ఈటె పట్టుకుని ఏళ్ల తరబడి మాటల్లేకుండా నిలబడి, చివరికి ఉపాధ్యక్షుడయ్యాడు. పండు నోటిదాకా వచ్చిన ఏడాదే మేం ప్లేనో వచ్చేశాం. పండు వదల్లేకపోయాడు.

"ఒక్క సంవత్సరమేనోయ్. నెలకోసారి ఫ్లైట్‌లో వెళ్లొస్తాను. ఎవరికి నష్టం?"

"విమానం టికెట్లు ఎవరి చదువులోంచి?"

 నేను మర్నాడు ప్లేనో లైబ్రరీకి వెళ్లాను. కాలిఫోర్నియా వాళ్లు ఎవరు, ఎవరు కారు అన్నదాని మీద ఆ రాష్ట్రం వేసిన చిన్న పుస్తకం తెప్పించమని అడిగితే, అక్కడి అమ్మాయి వారం తిరక్కుండా ఎక్కడినుంచో తెప్పించి ఇచ్చింది. చదివాను. తమ మనిషేనని తేలితే, జీతం టెక్సాస్‌లో వచ్చినా వాళ్లకి పన్ను కట్టాల్సిందేనట. ఇల్లెక్కడుంది, లైసెన్స్ ఎక్కడిది, పిల్లలెక్కడ చదువుతున్నారు, దంతవైద్యుడెక్కడ, ఏ క్లబ్బుల్లో సభ్యులు, ఇవన్నీ చూస్తారట. ఏ ఒక్కదానితోనూ తేల్చరట. అన్నీ కలిపి వాళ్లు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: ఈ మనిషి వెళ్లిపోయాడా, లేక పనిమీద వెళ్లాడా? మళ్లీ తిరిగొద్దామని మనసులో ఉందా?

పన్నుల వాళ్లకి మనసుతో ఏం పనండీ అని ఆశ్చర్యపోయాను. తర్వాత అనిపించింది, మా ఆయన మనసులో ఏముందని ఇన్నేళ్లలో నేను అడగనిది కాలిఫోర్నియా అడుగుతోందని.

సాయంత్రం పుస్తకం ఆయన ముందు పెట్టాను.

"క్లబ్బంటే గోల్ఫ్ క్లబ్బులాంటివి. మన సంఘం క్లబ్బేంటోయ్? అది సేవ."

"సేవకి అధ్యక్షుడెందుకండీ? సరే, మీ బైలా సంగతేంటి?"

ఆ బైలా, అంటే సంఘం నియమం, రాసింది ఈయనే. రెండు గంటల దూరాన శాక్రమెంటోలో కాపురముంటూ ఫ్రీమాంట్‌కొచ్చి పెత్తనం చేస్తున్నాడని ఒకాయన్ని ఆపడానికి, 'కార్యవర్గ సభ్యులు ఫ్రీమాంట్ పరిసర బే ఏరియాలో స్థిరనివాసులై ఉండవలెను' అని స్వయంగా రాసి, చదివి వినిపించి, చప్పట్లు కొట్టించుకున్నాడు. పదవి తీసుకునేటప్పుడు అలా ఉన్నామని సంతకం కూడా పెట్టాలి. పెట్టాడు.

"జనవరిలో సంఘానికి 'నేను ఫ్రీమాంట్ వాణ్ని' అని సంతకం. ఏప్రిల్‌లో రాష్ట్రానికి 'నేను ఆగస్టులోనే వెళ్లిపోయాను' అని సంతకం. రెండూ ఒకే చేత్తో. దాని పక్కన నా సంతకం కూడా కావాలి, మర్చిపోకండి. ఇద్దరం కలిపి వేసే టాక్స్ రిటర్న్ అది."

"ఉగాది కరపత్రం తీసుకెళ్లి టాక్స్ వాళ్లకి ఎవడు చూపిస్తాడోయ్?"

"ఎవడూ చూపించడు. నాకు తెలుసుగా, చాలదూ?"

"అందరూ చేసేదే..."

"అందరూ చేస్తే అందరితోనే సంతకం పెట్టించుకోండి. నేను అబద్ధానికి సంతకం పెట్టను. పన్ను కట్టి నా చదువూ వదులుకోను. కాబట్టి మీరు ఆ మాట నిజం చెయ్యండి."

అవ్వా కావాలి, బువ్వా కావాలి అనే మనిషికి ఏదో ఒకటి ఎంచుకోమంటే వచ్చే కోపం మామూలుది కాదు. రెండు వారాలు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. మా అమ్మాయి మధ్యలో రాయబారం నడిపేది. "అమ్మా, నాన్న వాంట్స్ టు నో, ఉప్పు ఎక్కడ?" "నాన్నకి చెప్పు, ఉప్పు ప్లేనోలోనే ఉందని."

మార్చిలో, ఉగాదికి ముందు, ఫ్రీమాంట్‌లో కార్యవర్గం సమావేశం. నేనూ వస్తానన్నాను. అమ్మాయిని పక్కింట్లో దాని స్నేహితురాలి దగ్గర ఉంచి ఇద్దరం వెళ్లాం. మా ఇంటి తలుపు మేం తీసేసరికే గ్యారేజ్‌లో జనం ఉన్నారు. మా స్టౌ మీద వాళ్ల టీ మరుగుతోంది. నన్ను చూసి డాక్టర్ గారు లేచి, "రా చెల్లెమ్మా, రా! మీ ఇంటికి నిన్నే ఆహ్వానిస్తున్నాం చూశావా!" అని గట్టిగా నవ్వారు. అందరూ నవ్వారు. నా ఒళ్లు మండింది గానీ, మాట నిజమే. అది మా ఇల్లు కాదిప్పుడు. మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఉంటున్నది సంఘం.

మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెళ్లో దండ వేశారు. ఆయన ముఖం చూశాను. ప్లేనోలో ఆ ఆఫీసుకెళ్లి వచ్చే ముఖం కాదది. అక్కడ ఆయన పేరు కూడా సరిగ్గా పలకరు. ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మందిని, పెళ్లాం బిడ్డలతో దిగిన రోజు, విమానాశ్రయం నుంచి తెచ్చింది ఈయన. మా ఇంట్లోనే అన్నం తిన్నారు. అది నాకు తెలుసు, వండింది నేను.

నాటకం గురించి, హాలు గురించి, పులిహోరకి బియ్యం ఎన్ని బస్తాలన్న దాని గురించి మాట్లాడుకున్నాక నేను నోరు విప్పాను.

"అన్నయ్యగారూ, మీ అధ్యక్షుడు ఉండేది ప్లేనోలో. మీ బైలా ఏమంటుందో చదువుతారా?"

హార్మోనియం మీద చెయ్యేసుకున్నతను చెయ్యి తీసేశాడు.

"చెల్లెమ్మా," అన్నారు డాక్టర్ గారు, పేషెంటుతో మాట్లాడే గొంతుతో, "ఇది తెలుగుతల్లికి సేవ. పన్నులూ లెక్కలూ ఇందులోకి తేకూడదమ్మా."

"కొత్త కారు కూడా క్లినిక్ ఖర్చులో రాసుకున్నానని పోయినేడు మీరే అన్నారుగా, అన్నయ్యగారూ? తెలుగుతల్లి అప్పుడు మిమ్మల్నేమీ అనలేదా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టర్ గారు కూడా నవ్వేశారు. ఆయనలో ఆ మంచి ఉంది. "నీ నోటికి జడిసే నీకు పదవి ఇవ్వలేదమ్మా" అని, ఒక్క క్షణం ఆలోచించి చిటికె వేశారు. "దీనికింత రాద్ధాంతం ఎందుకు? బైలా మార్చేద్దాం. 'స్థిరనివాసులై' అన్న మాట తీసేస్తే సరి. టెక్సాస్‌లో ఉండే మన అధ్యక్షుడు! గర్వంగా కూడా ఉంటుంది. ఏమంటారు?"

చేతులన్నీ లేచాయి. మా ఆయన నా వంక చూశాడు, పరీక్ష పాసైన కుర్రాడిలా. చూశావా, ఇప్పుడిక అబద్ధం లేదుగా అన్నట్టు.

 వాదంలో నన్ను ఓడించడం తేలిక కాదు. అయితే ఇది వాదం కాదు, ప్రేమ. అంతమంది చేతులెత్తి మా ఆయన్ని కావాలంటున్నారు. బైలా మారితే కాగితం మీది అడ్డు పోతుంది. ఇల్లలాగే ఉంటుంది, తాళం చెవి అలాగే ఉంటుంది, ఆయన నెలనెలా వస్తూనే ఉంటాడు. కాలిఫోర్నియా అడిగిన ప్రశ్న కూడా అలాగే ఉంటుంది.

కాబట్టి అదే అడిగాను.

"ఏమండీ, బైలా వదిలేయండి. రాష్ట్రాన్నీ వదిలేయండి. నాకు చెప్పండి. మీరు వెళ్లిపోయారా, లేక మళ్లీ ఇక్కడికే వద్దామనుకుంటున్నారా?"

ఎవరో టీ కప్పు కింద పెట్టారు.

"వద్దామనే," అన్నాడాయన. దండ సర్దుకుంటూ, నేల చూస్తూ అన్నాడు. "రెండు మూడేళ్లు చూసి వద్దామనే అనుకున్నాను. అక్కడ నేనెవరికి తెలుసోయ్?"

ఆ మాట మా ఇంట్లో ముందే అనుంటే నేను అరిచేదాన్ని. అక్కడ అరవలేకపోయాను. అలాగని వదల్లేదు కూడా.

"అయితే కాలిఫోర్నియాదే న్యాయం. మీ జీతం మీద వాళ్లకు రావలసింది కట్టేద్దాం, ఎన్నేళ్లు మీరిలా అనుకుంటే అన్నేళ్లూ. కానీ ఒక మాట. నేను మాత్రం ఎవరికి తెలుసు అక్కడ? అక్కడ దొరికిందీ అదే పని, లైన్‌లో మైక్రోస్కోప్ ముందు ఇరవై మందిలో ఒకతెని. ఫ్రీమాంట్‌లోనూ అంతే. మీకు ఒక ఊళ్లోనైనా పేరుంది. నాకు ఎక్కడా లేదు. నా పేరు పలికే క్లాసు ఒకటి కావాలి నాకు. మీ పదవి కోసం అది వదులుకోమంటే ఈ అందరి ముందూ చెప్పండి, వదులుకుంటానో లేదో అప్పుడు చూస్తాను."

  మా ఆయన ఆ రాజభవనం తెర వైపు చూశాడు. ఆ తెర మీద స్తంభాలకు రంగు వేసింది ఆయనే, ఒక చలికాలమంతా శనాదివారాలు మోకాళ్ల మీద కూర్చుని. తర్వాత లేచాడు. దండ తీసి కుర్చీకి తగిలించాడు. తెర దించి చుట్టి, ఒక కొస భుజానికెత్తుకుని, "ఇది ఎవరి గ్యారేజ్‌లో పెట్టాలి?" అన్నాడు.

 ఇంకోసారి అడిగాడు, ఈసారి అధ్యక్షుడి గొంతుతో. "చెప్పండయ్యా, బరువుగా ఉంది."

హార్మోనియం అతను లేచి రెండో కొస పట్టుకున్నాడు. ఆ సాయంత్రానికల్లా కిరీటాలూ గదలూ మూడు కార్లలో డాక్టర్ గారి ఇంటికి తరలాయి. డాక్టర్ గారి భార్య, "వదినా, ఈ దుర్యోధనుణ్ని నా నెత్తిన పెట్టావు కదే" అంది. "మీ ఇంట్లో ఆల్రెడీ ఒకరున్నారుగా, తోడుంటాడు" అన్నాను. తాళం చెవి తిరిగి తీసుకున్నాం. మర్నాడు విమానం ఎక్కే ముందే ఇల్లు అమ్మకానికి పెట్టాం. వాకిట్లో ఆ బోర్డు పాతుతుంటే మా ఆయన చూడలేదు. నేను చూశాను, సరిగ్గా పాతారో లేదో అని.

ఏప్రిల్ దగ్గరపడింది. పన్నులు రాసి పెట్టే ఆవిడ దగ్గర కూర్చున్నప్పుడు, కాలిఫోర్నియా వదిలింది ఏ తేదీ అని వెయ్యమంటారని అడిగింది. ఆగస్టు అంటే అయిపోయేది. ఎవరూ అడిగుండేవారు కాదు కూడా. మా ఆయనే నా వంక చూసి, "ఆగస్టు వేసేద్దామా? నీ ఫీజోయ్ అది" అన్నాడు. మెల్లగా, నా మంచికే అన్నాడు.

"మీరు గ్యారేజ్‌లో అందరి ముందూ ఏమన్నారో గుర్తుందా?"

"ఉంది."

"మరి?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆవిడ పెన్ను పక్కన పెట్టి అంతా విని, అయితే ఆయన జీతం మీద పోయిన ఏడంతా, ఈ ఏడు మార్చిదాకా కాలిఫోర్నియాకు కట్టడమే క్షేమం అంది. పోయిన ఏడుది కట్టాం, ఈ ఏడు మూడు నెలలదీ తీసి పక్కన పెట్టాం. నా చదువులో ఒక పెద్ద ముక్క అలా పోయింది. దానికి నేను ఏడవలేదు. దొంగ తేదీ మీద మొదలుపెట్టిన చదువుతో రేపు పిల్లలకు కొలతలు సరిగ్గా తీసుకోమని ఏ ముఖంతో చెప్తాను? నాలుగు కోర్సులు ఒక్కసారే తీసుకుందామనుకున్నదాన్ని రెంటికే సరిపెట్టుకున్నాను. మిగతావి నెమ్మదిగా. ఆలస్యం నాకు కొత్తా?

ఆయన టెక్సాస్ లైసెన్స్ కోసం నేనే తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఆవిడ పాతది ఇచ్చెయ్యమని చెయ్యి చాపింది. ఆయన ఆ కార్డు మీది తన ఫోటో ఒకసారి చూసుకుని ఇచ్చేశాడు. బయటికొచ్చాక, "ఇక్కడ మనవాళ్లు ఎంతమందుంటారోయ్?" అన్నాడు. నేను విననట్టు కారు తలుపు తీశాను. మా కొత్త గ్యారేజ్‌లో నా కారు పెట్టుకోవాలి.

ఆ ఏడు ఆగస్టు చివర్లో కాలేజీలో పేరు రాయించుకోవడానికి వెళ్లాను. చవక ఫీజు కావాలంటే చూపించాల్సిన కాగితాలన్నీ ముందు పరిచాను. కౌంటర్‌లోని కుర్రది నా లైసెన్స్ తిరగేసి, "పోయిన ఆగస్టు నుంచి టెక్సాస్‌లోనే ఉంటున్నారన్నమాట. మీ వారు కూడా అప్పట్నుంచేనా?" అని అడిగింది.

"కాదు. ఆయన మార్చిలో వచ్చారు."

"ఓ," అంది ఆ పిల్ల. గొంతు తగ్గించి, "మధ్యలో కష్టంగా ఉండి ఉంటుంది. ఇప్పుడంతా సర్దుకుందా?" అంది.

ఒకే కారులో, ఆయన తోలుతుంటే, పక్క సీట్లో మ్యాపు పట్టుకుని కూర్చుని వచ్చానని ఆ పిల్లకి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను?

"సర్దుకుందమ్మా," అన్నాను. "ముద్ర వెయ్యి."